న్యాయశీలి అరిస్టైడీసు

సుమారు రెండువేల అయిదువందల సంవత్సరములకు పూర్వము గ్రీసు దేశమునందలి ఏథెన్సు నగరమున పౌరులు తమ్ము తామే పాలించుకొనుచుండిరి. స్త్రీలకును బానిసలకును ఆ హక్కు లేకుండెను. అయినను అచటి ఆచార మొకటి మెచ్చదగినది. పదవీకాలము ముగియగానే ప్రతి అధికారియు తాను చేసిన పనులకును, వెచ్చించిన ధనమునకును లెక్క చెప్పవలెను. తప్పు చేసినవానిపై సామాన్య పౌరుడైనను నేరము మోపవచ్చును. అట్టి నగరమున లెక్కకు వెరువక జీవించినవాడు అరిస్టైడీసు.

అతడు లైసిమాకసు అను పౌరుని కుమారుడు. క్రీ.పూ. 490లో పారశీక సైన్యము మారథాను తీరమున దిగినపుడు అతడు సేనానులలో నొకడుగా పోరాడెను. యుద్ధానంతరము శత్రువులు విడిచిపోయిన వెండిబంగారములకు అతనినే కాపలా ఉంచిరి. అతడు వానిని తాను ముట్టలేదు, ఇతరులను ముట్టనీయలేదు. ప్రజలు అతనికి న్యాయశీలియని పేరిడిరి.

అతని జీవితమును వ్రాసిన ప్లూటార్కు ఒక కథ చెప్పియున్నాడు. ఒకమారు ప్రజలు అరిస్టైడీసును నగర ఆదాయమునకు పర్యవేక్షకునిగా ఎన్నుకొనిరి. అతడు లెక్కలను శోధించి, తన కాలపు అధికారులే కాక పూర్వపు అధికారులును ప్రజాధనమును హరించిరని వెల్లడించెను. వారిలో థెమిస్టోక్లీసు అను గొప్ప నాయకుడును ఉండెను. థెమిస్టోక్లీసు పలువురను కూడగట్టి, అరిస్టైడీసు లెక్క చెప్పవలసిన దినమున అతనిపైనే దొంగతనము మోపి శిక్ష వేయించెను. నగరమందలి పెద్దలు ఈ అన్యాయమునకు ఆగ్రహించిరి. జరిమానా రద్దయ్యెను, అదే పదవి తిరిగి అతనికి లభించెను.

ఈమారు అరిస్టైడీసు మారినవానివలె నటించెను. గట్టిగా లెక్కలడుగుట మానెను; తప్పులను చూచియు చూడనట్లుండెను. బొక్కసమును దోచుకొనువారు సంతోషించి, అతనిని వేనోళ్ల పొగడుచు, మరల అతనినే ఎన్నుకొనుడని ప్రజలను బతిమాలిరి. ప్రజలు సమ్మతించి చేతులెత్తబోవు సమయమున అరిస్టైడీసు వారిని మందలించెను. తాను నమ్మకముగా పనిచేసినపుడు అవమానమును, దొంగలను ఉపేక్షించినపుడు సన్మానమును లభించినవనియు, వెనుకటి శిక్షకంటె ఈనాటి గౌరవమే తనకు ఎక్కువ సిగ్గు కలిగించుచున్నదనియు చెప్పెను. పిమ్మట ఆ దొంగతనములను బయటపెట్టెను. పొగడినవారి నోళ్లు మూతపడినవి.

ఏథెన్సున మరొక ఆచారము కలదు. పౌరులు కుండపెంకులపై ఒకని పేరు వ్రాసి, అతనిని పదియేండ్లు నగరమునుండి వెడలగొట్టవచ్చును. క్రీ.పూ. 482లో అట్టి ఓటు జరుగుచుండగా, చదువురాని పల్లెవాడొకడు అరిస్టైడీసును గుర్తింపక, తన పెంకుపై అరిస్టైడీసు పేరు వ్రాసిపెట్టుమని అడిగెను. అతడు నీకేమి అపకారము చేసెనని అరిస్టైడీసు ప్రశ్నించెను. అపకారమేమియు లేదనియు, అందరును అతనిని న్యాయశీలి యనుట వినివిని విసుగెత్తినదనియు ఆ పల్లెవాడు బదులు చెప్పెను. అరిస్టైడీసు మారుమాటాడక తన పేరు తానే వ్రాసియిచ్చి, ప్రవాసమునకు వెడలిపోయెను.

క్రీ.పూ. 480లో పారశీకులు మరల దండెత్తగా ఏథెన్సు అతనిని వెనుకకు పిలిచెను. అతడు పాతవైరమును మరచి, సలామిసు నౌకాయుద్ధమున థెమిస్టోక్లీసునకు తోడ్పడెను. విజయానంతరము గ్రీకు నగరములనేకము ఒక కూటమిగా చేరి, ఏ నగర మెంత ధనము చెల్లింపవలెనో నిర్ణయించు భారమును అతనికే అప్పగించినవి. మొత్తము సంవత్సరమునకు 460 టాలెంటులని అతడు నిర్ణయించెను. అంతటి అధికారము చేతనుండియు అతడు పేదవాడుగనే మిగిలెను. అతడు మరణించునాటికి అంత్యక్రియలకైనను తగిన ధనము లేకుండెననియు, నగరమే సమాధి కట్టించి, అతని కుమార్తెల పెండ్లిండ్లు చేయించెననియు చెప్పుదురు.

ఎన్నుకొనినవారిని లెక్క అడుగుట పౌరుల హక్కు. ఆ లెక్కను స్వయముగా పరిశీలింపక, పొగడ్తలను, నిందలను నమ్మి తీర్పు చెప్పినచో ఆ హక్కు దొంగలకే ఉపకరించును. ఈ సత్యమును ఏథెన్సు ప్రజలకు తెలియజెప్పినవాడు అరిస్టైడీసు.