లైసెన్స్ రాని రెండు వేల కారు

ఆదోనిలో ఏ జిన్నింగ్ మిల్లు ముందు నిలబడ్డా మోటార్ల హోరే. ఎమ్మిగనూరు వైపు బోరు మోటారు కాలిందంటే రైతుకు ఆ రోజు నిద్ర ఉండదు. ఇంతగా మన బతుకుల్లో కలిసిపోయిన కరెంటు మోటారును మన దేశంలో మొదట తయారుచేసిన వాళ్లలో ఒకాయన బడి చదువు మధ్యలోనే మానేశాడు. ఆయనే జి.డి. నాయుడు.

1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో ఓ బ్రిటిష్ అధికారి మోటార్‌సైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో సర్వర్‌గా, ఇంకా దొరికిన పనల్లా చేసి, మూడేళ్లలో డబ్బు కూడబెట్టి ఆ బండే కొన్నారు. కొన్నాక షికారుకు వెళ్లలేదు. పార్టు పార్టుగా విప్పేసి, ఎలా పనిచేస్తుందో చూసుకున్నారు. అలా మెకానిక్ అయ్యారు.

1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సు తిప్పడం మొదలుపెట్టారు. 1933 నాటికి అవి 280 అయ్యాయి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో మోటారు తయారుచేశారు.

తర్వాతి కల కారు. బొంబాయిలో జనరల్ మోటార్స్ 1928 నుంచే కార్లు బిగించేది, కానీ విడిభాగాలు విదేశాలవి. నాయుడు 1952లో రెండు సీట్ల పెట్రోలు కారును సిద్ధం చేశారు. ధర 2,000 రూపాయలే! అయితే అప్పట్లో ఫ్యాక్టరీ పెట్టాలంటే ప్రభుత్వ లైసెన్స్ కావాలి. అది రాలేదు. కారు అక్కడే ఆగింది.

మరి ఆయన ఓడిపోయినట్టేనా? కారు విషయంలో అవును. కానీ 1945లోనే ఆయన చొరవతో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక కళాశాల మొదలైంది. నేటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోకపోతే ప్రిన్సిపాల్ పదవి వదిలేశారు. 1974లో కన్నుమూశారు. కారు రోడ్డెక్కకపోయినా, కాలేజీలో చదివినవాళ్లు తరతరాలుగా బయటికొస్తూనే ఉన్నారు.

నా సంగతి చెప్తా. ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చేదాకా నేను ఒక్క ఇంజిన్ కూడా పూర్తిగా విప్పలేదు. చెప్పుకోడానికి సిగ్గే. మీరలా కావద్దు. ఇంట్లో పాడైన మిక్సీ ఉంటే ప్లగ్ తీసి, స్క్రూలు విప్పండి. తిరిగి బిగించడం రాకపోతే దగ్గర్లోని వైండింగ్ షాపుకెళ్లి అడగండి. అక్కడి అన్నలు కాదనరు.