సత్యనిష్ఠకు మారుపేరు – మాక్సిమస్

పదవి కోసం మాట మార్చినవారు లోకంలో ఎందరో ఉన్నారు. నమ్మిన మాట కోసం సర్వస్వాన్నీ వదులుకొన్నవారు అరుదు. అట్టి అరుదైన మహనీయులలో క్రీ.శ. 7వ శతాబ్దానికి చెందిన క్రైస్తవ సన్యాసి మాక్సిమస్ ఒకడు. విశ్వాసం కోసం హింసను సహించి నిలిచినవాడు కావడం చేత ఆయనకు 'కన్ఫెసర్' అనే బిరుదు శాశ్వతమైంది.

మాక్సిమస్ సుమారు 580లో జన్మించాడు. ఆయన జన్మస్థలం కాన్‌స్టాంటినోపుల్ అని గ్రీకు జీవితచరిత్ర, పాలస్తీనా అని సిరియాక్ జీవితచరిత్ర పేర్కొంటున్నాయి. తత్త్వశాస్త్రంలో గొప్ప పాండిత్యం గడించి, బైజాంటియం చక్రవర్తి హెరాక్లియస్ ఆస్థానంలో ఉన్నతోద్యోగం నిర్వహించాడని గ్రీకు సంప్రదాయం చెబుతున్నది. రాజభోగాలు ఆయన మనసును కట్టిపడవేయలేదు. లౌకిక జీవితాన్ని విడిచి సన్యాసం స్వీకరించాడు. పారశీకుల దండయాత్రల కాలంలో మఠాన్ని వీడి, చివరకు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ చేరుకొన్నాడు. అక్కడ సోఫ్రోనియస్ అనే సన్యాసి సాహచర్యం ఆయన చింతనకు పదును పెట్టింది.

ఆనాటి సామ్రాజ్యం మతభేదాలతో సతమతమవుతున్నది. 451లో జరిగిన కాల్సెడన్ మహాసభ క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయని నిర్ణయించింది. ఈజిప్టు, సిరియాలలో అనేకులు దానిని అంగీకరించలేదు. వారిని కలుపుకోవాలనే తలంపుతో, స్వభావాలు రెండైనా క్రీస్తులోని సంకల్పం ఒక్కటే అనే రాజీ సిద్ధాంతాన్ని పాలకులు ముందుకు తెచ్చారు. 638లో హెరాక్లియస్ ఈ సిద్ధాంతాన్ని శాసనంగా ప్రకటించాడు.

మాక్సిమస్ దీనిని నిర్ద్వంద్వంగా ఖండించాడు. సంకల్పం లేని మానవత్వం పరిపూర్ణ మానవత్వం కాజాలదని ఆయన వాదం. గెత్సేమనే తోటలో మరణవేదనకు లోనైన క్రీస్తు, తన మానవ సంకల్పాన్ని స్వేచ్ఛగా తండ్రి చిత్తానికి సమర్పించాడని ఆయన వివరించాడు. ఆ సంకల్పమే లేకుంటే ఆ సమర్పణకు అర్థమే ఉండదు. మంచిచెడ్డల నడుమ ఊగిసలాడడమే స్వేచ్ఛ అని మనం భ్రమపడతాం. మంచిని సహజంగా, నిస్సంకోచంగా కోరగలగడమే నిజమైన స్వేచ్ఛ అని ఆయన ప్రబోధించాడు. ప్రేమను గురించి ఆయన రచించిన నాలుగు వందల సూక్తులలో, శత్రుమిత్ర భేదం లేక అందరినీ సమానంగా ప్రేమించడమే సాధనకు పరాకాష్ఠగా నిరూపించాడు.

645లో కాన్‌స్టాంటినోపుల్ మాజీ ధర్మాధిపతి పిర్రస్‌తో కార్తేజ్‌లో బహిరంగ వాదం చేసి మాక్సిమస్ విజయం సాధించాడు. 648లో చక్రవర్తి రెండవ కాన్‌స్టాన్స్ ఈ విషయంపై చర్చనే నిషేధించాడు. మరుసటి ఏడాది రోమ్ నగరంలో పోప్ మార్టిన్ ఏర్పాటుచేసిన లేటరన్ సభ ఏకసంకల్పవాదాన్ని తిరస్కరించింది. చక్రవర్తి ఆగ్రహించి పోప్‌ను బంధించి దేశాంతరం పంపగా, ఆయన 655లో ప్రవాసంలోనే కన్నుమూశాడు.

అదే ఏడాది మాక్సిమస్‌పై రాజద్రోహ నేరం మోపి విచారించారు. తానొక్కడే రక్షింపబడి తక్కినవారందరూ నశిస్తారా అని న్యాయాధికారులు నిలదీశారు. తాను ఎవరినీ దోషిగా ఎంచడం లేదనీ, అంతరాత్మకు విరుద్ధంగా నడవడం మాత్రం తనకు సాధ్యం కాదనీ ఆయన వినయంగా సమాధానమిచ్చాడు. థ్రేస్ ప్రాంతానికి బహిష్కరించిన తరువాత రాజీ పడితే సకల గౌరవాలూ దక్కుతాయని ఆశచూపారు. ఆయన చలించలేదు.

662లో తిరిగి విచారణ జరిగింది. ఎనభై ఏళ్లు పైబడిన ఆ వృద్ధుని నాలుకను, కుడిచేతిని ఖండించి, నల్ల సముద్రపు తూర్పు తీరాన ఉన్న లాజికాకు పంపారని ప్రాచీన కథనాలు తెలుపుతున్నాయి. మాట్లాడిన నాలుకకు, వ్రాసిన చేతికి విధించిన శిక్ష అది. ఆ ఏడాది ఆగస్టు 13న మాక్సిమస్ తనువు చాలించాడు.

ఆయన మరణించిన ఇరవై ఏళ్లలోపే 680–681లో కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైన మహాసభ క్రీస్తులో రెండు సంకల్పాలున్నాయని ప్రకటించింది. ఏ నగరంలో ఆయనను దోషిగా నిలబెట్టారో, ఆ నగరంలోనే ఆయన సిద్ధాంతానికి పట్టాభిషేకం జరిగింది. 9వ శతాబ్దంలో ఎరియుజెనా ఆయన రచనలను లాటిన్‌లోకి అనువదించి పశ్చిమ ఐరోపాకు అందించాడు. విరోధిని ద్వేషించక, సత్యాన్ని విడువక జీవించిన మాక్సిమస్ చరిత్ర సర్వకాలాలకూ ఆదర్శప్రాయం.