డర్బన్‌లో సేవాదీక్ష

గర్భాలయంలో కొలువైన దైవానికి చేతులు జోడించడం ఎవరికైనా సులభమే. పుండ్లతో మూలుగుతున్న రోగిలో ఆ దైవాన్నే చూడగలగడం దీర్ఘసాధనతో గాని సిద్ధించదు. మానవసేవే మాధవసేవ అని మన పెద్దలు చెప్పిన మాటను జీవితమంతా ఆచరించిన మహాత్మా గాంధీ, ఆ సాధనకు తొలి అక్షరాలు దిద్దుకున్నది సముద్రాలకు ఆవల, దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో. ఆ పాఠశాలలో ఆయనకు గురువులై నిలిచిన నిరుపేదలలో మన తెలుగువారూ ఉండటం విశేషం.

1869 అక్టోబరు 2న పోర్‌బందరులో జన్మించిన మోహన్‌దాస్‌కు తల్లి పుత్లీబాయి ఉపవాస వ్రతాలు, దాది రంభ ఉపదేశించిన రామనామం బాల్యంలోనే భక్తిబీజాలు నాటాయి. తండ్రి కరంచంద్ మంచాన పడినప్పుడు ఆయన గాయానికి కట్టు కట్టడం, మందులు ఇవ్వడం, రాత్రివేళ పాదాలు ఒత్తడం మోహన్‌దాస్ నిత్యకృత్యాలు. అయితే 1885లో తండ్రి ప్రాణం విడిచిన క్షణాన ఆయన ఆ పడకవద్ద లేరు. కాసేపటి ముందే తన గదికి వెళ్లిపోయారు. తండ్రి అంతిమ ఘడియల్లో సేవాభాగ్యం చేజారిందన్న వేదన ఆయనను జీవితాంతం వెన్నాడింది.

1893లో న్యాయవాదిగా ఆయన దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టారు. నేటాల్‌లోని చెరకు తోటలలో పనిచేసేందుకు 1860 నుంచీ మద్రాసు రేవు మీదుగా తెలుగు, తమిళ కూలీలు ఓడలలో తరలివెళ్లారు. ఐదేళ్ల ఒప్పందానికి కట్టుబడిన ఆ నిర్భాగ్యులను గిర్మిటియాలనేవారు. ఒకనాడు కుష్ఠురోగి ఒకడు గాంధీజీ గుమ్మం ముందు నిలిచాడు. ఒక ముద్ద పెట్టి పంపివేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఇంట ఆశ్రయమిచ్చి, పుండ్లు కడిగి, కట్లు కట్టారు. కాని అతణ్ణి ఎల్లకాలం తన వద్దే ఉంచుకునే స్థైర్యం నాటికి ఆయనకు చాలలేదు. చివరకు గిర్మిట్ కూలీల ప్రభుత్వ ఆసుపత్రికి పంపించారు. చేసిన సేవ కన్నా, చేయలేక మిగిలిన సేవే ఆయన హృదయాన్ని కలచివేసింది.

ఆ కలతకు సమాధానం ఒక చిన్న ధర్మాసుపత్రిలో లభించింది. పార్సీ రుస్తుంజీ దాతృత్వంతో, డాక్టర్ బూత్ పర్యవేక్షణలో అది నడిచేది. గాంధీజీ అక్కడ స్వచ్ఛంద సేవకునిగా చేరారు. రాకపోకలతో కలిపి ప్రతి ఉదయం రెండు గంటలు అందుకు వెచ్చించారు. తన న్యాయవాద వృత్తిలో కొంత భారాన్ని సహచరునికి అప్పగించారు. రోగి బాధను ఓపికగా వినడం, దానిని వైద్యునికి విన్నవించడం, వైద్యుడు రాసిన మందు ఇవ్వడం ఆయన పని. వచ్చేవారిలో అత్యధికులు తెలుగు, తమిళ, ఉత్తర భారత కూలీలే. న్యాయస్థానంలో వాదించే నోరు అక్కడ మౌనంగా వినడం అభ్యసించింది. అశాంతితో వెళ్లిన హృదయానికి శాంతి లభించింది.

1899లో బోయర్ యుద్ధం ఆరంభమైంది. ఆయన సానుభూతి బోయర్ల పక్షానే ఉన్నా, ఆంగ్ల సామ్రాజ్య పౌరునిగా హక్కులు కోరేవాడు బాధ్యతనూ వహించాలని నాడు భావించారు. క్షతగాత్రుల సేవకు భారతీయుల దళాన్ని సమకూర్చారు. ప్రభుత్వం తొలుత నిరాకరించినా ఆయన వెనుదీయలేదు. డాక్టర్ బూత్ వారికి ఉపచర్యలో శిక్షణ ఇచ్చారు. సుమారు 1,100 మంది గల ఆ దళంలో అధికసంఖ్యాకులు గిర్మిట్ కూలీలే. 1900 జనవరిలో స్పియన్‌కాప్ పోరాట సమయంలో, బాధ్యత లేకున్నా, గుండ్లు కురిసే చోటికి వెళ్లి గాయపడినవారిని మోసుకొచ్చారు. కొన్ని దినాలు 20 నుంచి 25 మైళ్లు నడిచారు. ఆ సేవకు లభించిన పతకాన్ని గాంధీజీ 1920లో సహాయ నిరాకరణోద్యమ వేళ ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేశారు. పతకం వెళ్లిపోయినా, ఆ సేవాభ్యాసం ఆయనను వీడలేదు.

1904లో జోహాన్నెస్‌బర్గ్‌లో ప్లేగు సోకినప్పుడు ఆయన రోగుల చెంతనే నిలిచారు. 1906లో జులూల తిరుగుబాటు సమయంలో, కొరడా దెబ్బలతో పుండ్లు పడి, తెల్లవారు తాకడానికి ఇష్టపడని జులూలకు శుశ్రూష చేశారు. గీతామాత బోధించిన నిష్కామకర్మ ఆయనకు ఆ విధంగా నిత్యానుభవమైంది.

దశాబ్దాల అనంతరం, 1939లో, సేవాగ్రామ ఆశ్రమానికి కుష్ఠు సోకిన సంస్కృత పండితుడు పర్చూరే శాస్త్రి శరణు కోరి వచ్చారు. గాంధీజీ ఈమారు వెనుకాడలేదు. తన కుటీరానికి చేరువలో ఆయనకు నివాసం ఏర్పరచి, స్వహస్తాలతో ఆయన శరీరాన్ని మర్దన చేశారు. డర్బన్ గుమ్మంలో అసంపూర్ణంగా నిలిచిన పూజ సేవాగ్రామంలో పరిపూర్ణమైంది.

సేవాభావం ఒక్కనాటితో సిద్ధించేది కాదు. జపానికి నియమం ఉన్నట్లే సేవకూ నియమం ఉండాలి. దినంలో కొంత సమయాన్ని ఆర్తుని కోసం కేటాయించే గృహస్థునికి, ఆ సమయం సంధ్యావందనమంత పవిత్రమవుతుంది.