సవరల గురువు గిడుగు రామమూర్తి పంతులుగారు

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు వినగానే వ్యావహారిక భాషోద్యమం స్ఫురిస్తుంది. వాడుక భాషకై వారు సాగించిన వాదాలు సుప్రసిద్ధాలు. అయితే ఆ వాదాలకు ఎంతో పూర్వమే వారు కొండజాతివారి చదువుకై పాటుపడిన సంగతి స్మరించేవారు తక్కువ.

వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు చోడవరంలో ఉద్యోగం చేస్తూ 1875లో విషజ్వరంతో గతించారు. తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు విశాఖపట్నంలో బంధువుల ఇంట ఉండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయపదవి లభించింది. జీతం నెలకు 30 రూపాయలు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలు సవరల నివాసం. వారి భాష తెలుగుకు సంబంధించినది కాదు. ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి లిపి లేదు. చదువెరుగని కొండవాడు సంతలో తూకానికీ, షావుకారు పత్రానికీ లోబడవలసిందే. బడికి పోదామన్నా, అక్కడి బోధ అతనికి పరభాషలో ఉండేది.

ఈ చిక్కును రామమూర్తిగారు గ్రహించారు. సవరలకు తెలుగు నేర్పడానికి ముందు తామే సవర నేర్చుకొన్నారు. రెండు భాషలూ వచ్చిన వ్యక్తిని ఇంట ఉంచుకొని అభ్యసించారు. కొండదారులు నడిచి మాటలు, పాటలు, కథలు సేకరించారు. సవర భాషలో వాచకాలు రచించారు. సొంత ధనంతో బడులు నెలకొల్పి, ఉపాధ్యాయులకు తామే జీతాలు చెల్లించారు. సామాన్యమైన బడిపంతులు ఆదాయంతో ఇంతటి భారం వహించడం గమనింపదగినది.

ఆ ప్రయాణాలలో వారికి మలేరియా సోకింది. మితిమీరి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. లిపిలేని భాషను చెవితోనే పట్టుకోవలసిన పరిశోధకునికి అంతకంటె కఠినపరీక్ష ఏమున్నది? అయినా కృషి మానలేదు. 1931లో వారి సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు తరువాత వెలువడింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న పరమపదించారు. వారి జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

బిడ్డ చదువు ఇంటిభాషలో మొదలుకావాలని యునెస్కో నిపుణులు 1953లో చాటారు. ఆఫ్రికా పల్లెలలో నేటికీ ఇంటిభాష ఒకటి, బడిభాష వేరొకటి అయిన బాలలు అనేకులు. అంత దూరం పోనేల? పూడిమడక వంటి జాలరిపల్లెలో బడికి వచ్చే బిడ్డ వలకు, పడవకు, గాలికి, అలకు తన పెద్దలు వాడే మాటలు వెంట తెచ్చుకొంటాడు. వాటిని తప్పులని కొట్టివేసిన గురువుకు ఆ బిడ్డ దూరమవుతాడు. వాటిని తానూ నేర్చుకొనే గురువు చెప్పిన పాఠం ఆ బిడ్డ మనసున నాటుతుంది. గిడుగువారి జీవితం ఉపాధ్యాయలోకానికి విడిచిపోయిన పాఠమిదే.