మంచులో వెలుగు జాడ వెదికిన రామన్

ప్లూటో అనే మరుగుజ్జు గ్రహం చుట్టూ తిరిగే షారన్ ఉపగ్రహంపై నీటి మంచు ఉంది. అక్కడ దిగి చూసినవారు లేరు. దాని మీద పడి తిరిగివచ్చిన సూర్యకాంతిలో ఏ పరారుణ కిరణాలు లోపించాయో గమనించి శాస్త్రజ్ఞులు ఆ సంగతి తేల్చారు. పదార్థాన్ని తాకిన కాంతి ఏ మార్పుతో వెలువడుతుందన్న ఈ ప్రశ్నకే కోల్‌కతాలో అనేక సంవత్సరాలు అంకితం చేసినవారు చంద్రశేఖర వెంకట రామన్.

1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించిన రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. మద్రాసులో ఎం.ఏ. ముగించి, 1907లో ఆర్థిక శాఖ అధికారిగా రామన్ కోల్‌కతా చేరారు.

బౌబజారు వీధిలో మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన విజ్ఞాన సంస్థ ఉండేది. అందులో ఉపకరణాలున్నా పరిశోధకులు అరుదు. ఉదయం కార్యాలయానికి ముందు, సాయంత్రం ఆ తరువాత రామన్ అక్కడే కనిపించేవారు. ఏళ్ల తరబడి ఇలాగే సాగింది. 1917లో అశుతోష్ ముఖర్జీ పిలుపుపై, మంచి జీతమున్న సర్కారు కొలువు వదలి, అంతకన్న తక్కువ జీతానికి విశ్వవిద్యాలయ ఆచార్య పదవి స్వీకరించారు. కుటుంబం గల మనిషికి అది చిన్న సాహసం కాదు.

1921లో ఇంగ్లండు నుంచి తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలిమను పరిశీలించారు. అది కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదని, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని నిర్ణయించారు. అక్కడ ఆగలేదు. హిమానీనదాల మంచుకు ఆ రంగెలా వచ్చిందని 1923లో నేచర్ పత్రికలో చర్చించారు. మంచు ఎరుపు కాంతిని పీల్చుకోవడమే ప్రధాన కారణమని నేటి శాస్త్రం అంటుంది. అయినా స్ఫటికంలో కాంతి చెదురును అన్వేషించిన ఆ దారే ముఖ్యం. 1928 ఫిబ్రవరి 28న, కె.ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో, చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని నిరూపించారు. 1930లో నోబెల్ బహుమతి లభించింది. 1933లో బెంగళూరుకు తరలివెళ్లారు.

1970 నవంబరు 21న రామన్ కన్నుమూశారు. షారన్ కనబడింది 1978లో. న్యూ హొరైజన్స్ నౌక దాని చేరువగా సాగిపోయింది 2015 జూలైలో. ఆ నౌకలోని పరికరాలు చదివినది పరావర్తన కాంతిని, రామన్ చెదురును కాదు. అంగారకునిపై 2021లో దిగిన పర్సెవరెన్స్ వాహనం మాత్రం రామన్ పద్ధతితోనే అక్కడి రాళ్లను పరీక్షిస్తోంది.