మట్టిని నమ్మిన శిల్పి - హసన్ ఫతీ

కూడు, గుడ్డ, గూడు అనే మూడూ మనిషి కనీసావసరాలని పెద్దలు చెబుతారు. వీటిలో కూడు ఏ పూటకు ఆ పూట సంపాదించుకోవచ్చు. గుడ్డ ఏడాదికి ఒకసారి కొనుక్కోవచ్చు. గూడు మాత్రం అట్లా సమకూరేది కాదు. దానికి స్థలం కావాలి, సామగ్రి కావాలి, పనివాళ్లు కావాలి, వీటన్నింటికీ ధనం కావాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత కలిగినవారి అనుభవం నుంచి పుట్టినదే. ఏమీ లేని నిరుపేదకు ఆ పరీక్షకు కూర్చునే అవకాశం కూడా ఉండదు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి వెలువరించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన తన 25వ అధికరణంలో అన్నవస్త్రాలతో పాటు గృహవసతిని కూడా మనిషి హక్కుగా పేర్కొన్నది. అయితే హక్కును కాగితం మీద రాయడం వేరు, దానికి గోడలు లేపి కప్పు వేయడం వేరు. ఈ రెండో పనికి తన విద్యను అంకితం చేసిన వాస్తుశిల్పులలో ఈజిప్టు దేశీయుడైన హసన్ ఫతీ అగ్రగణ్యుడు.

హసన్ ఫతీ 1900 మార్చి 23న అలెగ్జాండ్రియా నగరంలో సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. ఆ కుటుంబానికి పల్లెల్లో పొలాలుండేవి గాని అక్కడికి వెళ్లివచ్చే అలవాటు లేదు. తండ్రి దృష్టిలో పల్లె అంటే ఈగలు, దోమలు, మురికినీరు. తల్లి బాల్యం పల్లెలో గడిచింది కనుక ఆమె దానిని తీపి జ్ఞాపకంగా కొడుకుకు వర్ణించి చెప్పేది. తల్లి మాటలే బాలుని మనస్సులో నాటుకున్నాయి. వ్యవసాయశాస్త్రం చదవాలని ఆయన కోరుకున్నాడు. ప్రవేశపరీక్షలో పైర్లను గురించి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేక తప్పాడు. పొలం ముఖం చూడని యువకునికి పైరు సంగతి ఎట్లా తెలుస్తుంది? అప్పుడు ఆయన వాస్తుశిల్పం వైపు మళ్లి, 1926లో కైరోలో పట్టభద్రుడైనాడు.

27 ఏండ్ల వయస్సులో ఫతీ మొదటిసారిగా తమ పొలాన్ని చూడబోయాడు. తల్లి వర్ణించిన రమణీయ దృశ్యం అక్కడ కనిపించలేదు. సందుల్లో బురద, వంగితే గాని లోపలికి పోలేని చీకటి గుడిసెలు, మనుషులకూ పశువులకూ ఒకటే నీడ. ఆ సేద్యగాండ్ర శ్రమఫలం మీదనే తన చదువు సాగింది. వారి దుఃస్థితికి తమవంటి యజమానుల నిర్లక్ష్యమే కారణమని గ్రహించి ఆయన సిగ్గుపడ్డాడు. నగరంలో ధనికుల భవనాలకు పటాలు గీయవలసిన చేయి ఆ తరువాత పల్లెజనుల ఇంటి సమస్య వైపు తిరిగింది.

1930 నుంచి ఫతీ కైరో లలితకళల కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేశాడు. పేదలకు ఇళ్లు ఎట్లా కట్టాలని ఆలోచించిన నిపుణులందరూ ఆ రోజుల్లో సిమెంటును, ఉక్కును తలచుకొనేవారు. అవి దూరం నుంచి రావాలి, డబ్బు పెట్టి కొనాలి. రైతుకు చేతిలో డబ్బు కనబడటమే అరుదు. కాళ్ల కింద ఉన్న మట్టి మాత్రం ఊరకే దొరుకుతుంది. వేల ఏండ్లుగా ఈజిప్టు రైతు ఆ మట్టితో పచ్చి ఇటుకలు కోసి ఎండబెట్టి గోడలు కడుతూనే ఉన్నాడు. చదువుకున్నవారు దానిని దరిద్రపు గుర్తుగా చూశారు. ఫతీ దానిని పరిష్కారంగా చూశాడు. 1937లో ఆయన మట్టి ఇళ్ల నమూనా చిత్రాలను ప్రదర్శించినప్పుడు పలువురు ఆసక్తి చూపారు.

అయితే ఒక చిక్కు మిగిలింది. మట్టితో గోడ లేస్తుంది గాని కప్పు ఎట్లా వేయడం? మన పల్లెల్లోని మట్టిమిద్దెలకు దూలాలు, వాసాలు కావాలి. ఈజిప్టులో కలప కొరత ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో దిగుమతులు తగ్గి, కలపా ఉక్కూ దుర్లభమైనాయి. కలప లేకుండా పచ్చి ఇటుకలతోనే కమాను కప్పు వేయాలని ఆయన ప్రయత్నించాడు. ఆ కప్పులు కూలిపోయాయి. కమాను బిగిసేదాకా దాన్ని మోయడానికి కింద సెంట్రింగు కావాలి. ఆ సెంట్రింగుకే కలప లేదు.

అప్పుడు ఆయన సోదరుడు ఒక సంగతి చెప్పాడు. దేశానికి దక్షిణాన అస్వాన్ ప్రాంతంలో నూబియా జాతివారు సెంట్రింగు లేకుండానే ఇళ్లకు కమాను కప్పులు వేసుకుంటున్నారట. 1941లో ఫతీ అస్వాన్‌కు వెళ్లి ఆ పల్లెలను కళ్లారా చూశాడు. పొందికైన ఇళ్లు, విశాలమైన గదులు, తెల్లగా పూసిన గోడలు, వాటిపై అందమైన అలంకారాలు! ఏ కళాశాల మెట్లూ ఎక్కని మేస్త్రులు వాటిని కట్టారు. బొగ్దాది అహ్మద్ అలీ అనే మేస్త్రి ఆయనకు ఆ విద్య చూపించాడు. ముందుగా గది చివరి గోడను ఎత్తుగా లేపుతారు. దాని మీద మట్టితో కమాను ఆకారం దిద్దుతారు. ఎండుగడ్డి ఎక్కువగా కలిపిన పలుచని, తేలికైన ఇటుకలు తీసుకుంటారు. పచ్చిగా ఉన్నప్పుడే వాటి మీద వేళ్లతో గాళ్లు గీస్తారు. ఆ గాళ్ల వల్ల మట్టి అడుసు గట్టిగా పట్టుకుంటుంది. మొదటి వరుసను గోడకు ఆనించి కొంచెం వాలుగా పేరుస్తారు. రెండో వరుస మొదటిదాని మీద వాలుతుంది, మూడోది రెండోదాని మీద. ప్రతి వరుసనూ దాని ముందు వరుసే మోస్తుంది కనుక కింద ఆధారం అక్కరలేదు.

ఇది కొత్త విద్య కాదు. లక్సర్ సమీపంలో రామెసెస్ చక్రవర్తి దేవాలయాన్ని ఆనుకొని ఉన్న మట్టి ఇటుకల ధాన్యాగారాల కమానులు 3,000 ఏండ్లు దాటినా నేటికీ నిలిచి ఉన్నాయి. పండితులు మరచిన విద్యను మేస్త్రులు తండ్రి నుంచి కొడుకుకు అందిస్తూ కాపాడుకున్నారు. ఫతీ ఆ మేస్త్రులను ఉత్తరాదికి పిలిపించి వారిచేత కట్టించాడు. వారికి గురువునని ఆయన అనుకోలేదు. తానే వారి వద్ద శిష్యుడైనాడు.

1945లో ఆయన జీవితంలో పెద్ద పరీక్ష ఎదురైంది. లక్సర్‌కు ఎదురుగా, నైలు నది పడమటి ఒడ్డున ఉన్న కొండమీద గుర్నా అనే పల్లె ఉండేది. అక్కడ సుమారు 7,000 మంది ప్రాచీన ప్రభువుల సమాధుల మీదనే ఇళ్లు కట్టుకొని నివసించేవారు. ఆ సమాధుల్లోని పురావస్తువులను తవ్వి రహస్యంగా అమ్ముకోవడం వారిలో చాలామందికి జీవనోపాధి. ఒక సమాధిలోని శిలాశిల్పాన్ని ఏకంగా కోసి అపహరించడంతో గగ్గోలు పుట్టింది. పురావస్తుశాఖ ఆ జనాన్ని అక్కడి నుంచి తరలించాలని నిర్ణయించింది. కొత్త ఊరు కట్టే బాధ్యత ఫతీకి అప్పగించింది. నదికీ కొండకూ నడుమ సుమారు 50 ఎకరాల పల్లపు నేల అందుకు కేటాయించారు.

ఒకే అచ్చులో పోసిన ఇళ్లను వరుసగా నిలబెట్టడం ఫతీకి సమ్మతం కాలేదు. ఇద్దరు మనుషులు ఒక్కలాగా ఉండరు కనుక రెండు కుటుంబాలకు ఒకే ఇల్లు సరిపోదని ఆయన నమ్మకం. బంధువర్గాలు ఒకచోట ఉండేటట్లు ప్రతి వర్గానికి ఒక వాడ, ఆ వాడకు నడిమి ముంగిలి ఏర్పరచాడు. నీటికి వెళ్లే దారి ఆ పల్లె స్త్రీలకు ఇల్లు దాటి నలుగురినీ కలిసే అవకాశమని, పెళ్లి సంబంధాల మాటలకు అదే నెలవని గమనించాడు. మసీదు, అంగడి, బడులు, నాటకశాల, చేతిపనుల శిక్షణాలయం నిర్మాణానికి పూనుకున్నాడు. పాఠశాలలో పైగాలిని పట్టి, తడిపిన బొగ్గుల మీదుగా లోపలికి పంపే గాలిగూడును అమర్చి, గదుల వేడిమిని దాదాపు 10 డిగ్రీలు తగ్గించాడు. నూబియా మేస్త్రుల వద్ద స్థానిక యువకులకు పని నేర్పించాడు. ఒక్కడు తన ఇల్లు తాను కట్టుకోలేడు గాని, పదిమంది కలిస్తే పది ఇళ్లూ కట్టుకోగలరన్నది ఆయన సిద్ధాంతం.

ఇన్ని చేసినా గుర్నా పూర్తి కాలేదు. అధికారుల్లో కొందరికి మట్టి ఇల్లంటేనే చులకన. ఇటుకల్లో కలిపే గడ్డి కొనడానికి కూడా కాగితాలు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చేది. పని నెలల తరబడి ఆగేది. అంతకంటె పెద్ద అడ్డంకి గుర్నావాసులే. వరదనీటిని ఆపే కట్టకు గండి కొట్టి కొత్త ఊరిని ముంచే ప్రయత్నం కూడా జరిగింది. 1948 నాటికి పని నిలిచిపోయింది. అనుకున్న ఊరిలో కొంతభాగం మాత్రమే లేచింది. కొద్దిమంది తప్ప ఎవరూ కొండ దిగి రాలేదు. మానవ హక్కుల ప్రకటనలో గృహవసతికి చోటు దక్కిన సంవత్సరంలోనే, పేదలకోసం కట్టిన ఆ అందమైన ఊరు ఖాళీగా మిగిలిపోవడం విధి వైపరీత్యం.

ఈ వైఫల్యానికి కారణం ఏమిటి? గుర్నావాసులు దొంగలని, మార్పు ఇష్టపడని మూర్ఖులని తేల్చివేయడం సులభం. వారి పక్షాన నిలిచి చూస్తే వేరు సంగతి తెలుస్తుంది. కొండమీద వారికి తాతల నాటి ఇల్లుంది, వచ్చిపోయే యాత్రికుల మూలంగా నాలుగు డబ్బులు వచ్చే దారి ఉంది. కొండ దిగితే బతుకుతెరువు పోతుంది. దానికి బదులుగా చేతిపనులు నేర్పాలని ఫతీ ఆలోచించాడు గాని ఆ ఆలోచన అన్నం పెట్టే దశకు రాలేదు. పైగా ఆ ప్రాంతంలో గుమ్మటం అంటే సమాధి కట్టడమని, అటువంటి కప్పు కింద కాపురం జనానికి రుచించలేదని విమర్శకులు అన్నారు. వీటన్నింటికంటె ముఖ్యమైనది ఒకటుంది. ఇల్లు ఎట్లా ఉండాలని ఫతీ వారిని అడిగాడు. అసలు ఊరు వదలడం ఇష్టమేనా అని ప్రభుత్వం వారిని అడగలేదు. మొదటి ప్రశ్న వేయనిదే రెండో ప్రశ్నకు విలువ లేదు. గృహహక్కు అంటే నాలుగు గోడలు పొందే హక్కు మాత్రమే కాదు. ఎక్కడ ఉండాలో, ఎట్లా బతకాలో నిర్ణయించుకొనే హక్కు కూడా అందులో భాగమే.

ఆ తరువాత స్వదేశంలో ఆదరణ కరవై 1957లో ఫతీ గ్రీసు దేశానికి వెళ్లి, ఏథెన్సులో వాస్తుశిల్పి డోక్సియాడిస్ సంస్థలో కొన్నేండ్లు పనిచేశాడు. తిరిగి వచ్చిన తరువాత ఖార్గా ఒయాసిస్సులో న్యూ బారిస్ అనే ఊరిని తలపెట్టాడు. 1967 యుద్ధంతో అదీ సగంలో ఆగిపోయింది. రెండు ఊళ్లు అసంపూర్ణంగా మిగిలిన మనిషి సాధారణంగా నిరాశతో మౌనం వహిస్తాడు. ఫతీ కలం పట్టాడు. గుర్నా కథను, తన ఆశలను, ఎదురైన అడ్డంకులను దాచకుండా రాశాడు. 1969లో కైరోలో పరిమిత ప్రతులతో వెలువడిన ఆ గ్రంథం 1973లో అమెరికాలో 'పేదల వాస్తుశిల్పం' అన్న అర్థమిచ్చే పేరుతో పునర్ముద్రణ పొంది లోకమంతటా వ్యాపించింది. కట్టిన ఊరు చేయలేని పనిని పుస్తకం చేసింది. దేశదేశాల యువ వాస్తుశిల్పులు పేదవాని ఇంటిని తమ విద్యకు తగిన విషయంగా గుర్తించారు.

వృద్ధాప్యంలో గౌరవాలు వెతుక్కుంటూ వచ్చాయి. 1980లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారాల సందర్భంగా అధ్యక్షుని ప్రత్యేక పురస్కారం, అదే ఏడాది స్వీడన్‌లో నెలకొల్పిన రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం ఆయనను వరించాయి. 1984లో అంతర్జాతీయ వాస్తుశిల్పుల సమాఖ్య తన మొదటి స్వర్ణపతకాన్ని ఆయనకు అందజేసింది. పాత కైరోలో కోట సమీపాన ఒక పురాతన గృహంలో పిల్లులను పెంచుకుంటూ, వచ్చిన విద్యార్థులకు పాఠాలు చెబుతూ నిరాడంబరంగా జీవించిన హసన్ ఫతీ 1989 నవంబరు 30న కన్నుమూశాడు.

ఆయన మరణానంతరం గుర్నా కథ ఇంకొక మలుపు తిరిగింది. 2006 చివరలో ప్రభుత్వం కొండమీది పాత గుర్నా ఇళ్లను కూల్చడం మొదలుపెట్టి, ఆ జనాన్ని వేరే కొత్త కాలనీలకు తరలించింది. ఫతీ కట్టిన ఊరిలో కాలక్రమేణా కాపురాలు వచ్చాయి గాని, భూగర్భ జలం, ఉప్పు పైకి ఎగబాకి గోడలు దెబ్బతిన్నాయి. చాలా ఇళ్ల స్థానంలో కాంక్రీటు కట్టడాలు లేచాయి. మసీదు, నాటకశాల వంటి కొన్ని మిగిలాయి. వాటిని కాపాడటానికి 2009లో యునెస్కో పూనుకున్నది. ఆయన వెలుగులోకి తెచ్చిన నూబియా కమాను మాత్రం ఎల్లలు దాటింది. పుదుచ్చేరి సమీపాన ఆరోవిల్‌లో ఉన్న మట్టి నిర్మాణ శిక్షణసంస్థ దానిని మన దేశపు విద్యార్థులకు నేర్పుతూ వచ్చింది.

హసన్ ఫతీ జీవితాన్ని విజయగాథ అనలేము, పరాజయగాథ అనీ అనలేము. పేదవాని ఇంటికి కావలసిన మట్టి అతని కాళ్ల కిందనే ఉందని, కావలసిన నేర్పు అతని చేతుల్లోనే ఉందని ఆయన కట్టి చూపాడు. ఆ ఇంటికి మూడోది కూడా కావాలని గుర్నా నేర్పింది. అది అందులో ఉండబోయే మనిషి అంగీకారం. రేపు ఇంజనీర్లుగా, వాస్తుశిల్పులుగా, అధికారులుగా పేదల ఇళ్ల పటాలు గీయబోయేవారు కాగితం మీద మొదటి గీత గీయక ముందే ఆ మనిషి మాట వినవలసి ఉంటుంది.