మూసీ వరదయు, అమ్జద్ హైదరాబాదీయు

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి మన నగరమును ముంచివేసినది. అఫ్జల్‌గంజ్ పరిసరములు ధ్వంసమైనవి. మృతులు సుమారు 15,000 మంది యని అంచనా. ఆ ప్రళయములో ఒక యువకుని కన్నులయెదుటనే తల్లి, భార్య, కుమార్తె కొట్టుకొనిపోయిరి. ఆ కుటుంబములో మిగిలినవాడు అతడొక్కడే. తరువాతి కాలమున ఉర్దూ లోకము ‘హకీముష్షుఅరా’ యని గౌరవించిన రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ యువకుడే.

అమ్జద్ శైశవముననే తండ్రిని కోల్పోయినారు. పెంచి, చదువు చెప్పించినది ఆ తల్లియే. జామియా నిజామియాలో విద్య నభ్యసించి, ఉర్దూ, పారశీక భాషలలో కవిత్వము చెప్పినారు. వరద మిగిల్చిన శోకమును ఆయన గుండెలో దాచుకొనలేదు. దానిని కవితగా నలుగురికి వినిపించినారు. నాలుగు పాదముల రుబాయీలో దైవచింతనను, జీవితానుభవమును ఇమిడ్చిన ఆ మహనీయుడు 1961లో పరమపదించినారు.

ఈ చరిత్రను పిల్లలకు చెప్పునపుడు పెద్దలమైన మనమొక పొరపాటు చేయుచుందుము. అంతటి దుఃఖమునే ఆయన సహించెను గదా, నీ కష్టమేపాటిదని మందలింతుము. ఇది న్యాయము కాదు. శోకము వేరు, మానసికమైన కుంగుబాటు వేరు. ఏ వరదయు రాకుండగనే కుంగుబాటు రావచ్చును. రెండు వారములకు పైగా మనస్సు క్రుంగి, లేదా ఊరక విసుగు పెరిగి, నిద్రాహారములు చెడి, చదువుపైనను ఆటపైనను ఆసక్తి నశించినచో అది సోమరితనము కాదు, విశ్వాసలోపము కాదు, వ్యాధి కావచ్చును. దానికి చికిత్స కలదు. నిపుణులతో క్రమముగా సంభాషించుట, అవసరమైనచో వైద్యుని సలహాపై మందులు వాడుట అందులో ముఖ్యమైనవి. వేళకు నిద్ర, వ్యాయామము, మందలింపక ఆలకించు పెద్దయొకరు ఉన్నచో ముందుగనే కొంత రక్షణ లభించును. చావవలెనను తలంపు కలుగుచున్నదా యని సూటిగా అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. అడిగినచో ప్రాణము నిలువవచ్చును. మన నగరమున ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 2022లో ప్రారంభమైన ‘టెలీ మానస్’ వారితో 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా మాటలాడవచ్చును.

విద్యార్థులారా! సబర్ అనగా మౌనము కాదు. అమ్జద్ తన వేదనను పలుకగలిగినారు. అందరును కవులు కానక్కరలేదు. తల్లితోనో, మిత్రునితోనో, అధ్యాపకునితోనో ఒక్కమాట చెప్పిన చాలును. వినుట మా కర్తవ్యము.